స్కీలకు పసుపు

మా ఇంటి కింది గది అద్దెకిస్తామని మా ఆయన ప్రకటన పెట్టినప్పుడు, వచ్చేదెవరో నాకు ముందే తెలుసు. అమెరికాలో మేముండే ఈ బాతెల్‌లో కింది గదులకు వచ్చేవాళ్ళంతా ఒకేలా ఉంటారు. వీపున లాప్‌టాప్ బ్యాగు, చేతిలో ప్రెషర్ కుక్కరు, నోట్లో "ఆంటీ, పార్కింగ్ ఉందా?" అనే మాట. తీరా తలుపు తీసేసరికి నాకంటే జానెడు పొడుగున్న తెల్లమ్మాయి నిలబడి ఉంది. ముఖమంతా ఎండకు మాడిపోయి, కళ్ళ చుట్టూ మాత్రం అద్దాల ఆకారంలో తెల్లగా మిగిలింది. భుజానికి వేలాడుతున్న సంచిలో నన్ను నిలువునా పడుకోబెట్టి జిప్ వేయొచ్చు.

"అందులో ఏముంది?" అన్నాను, ఇంటి యజమానురాలి హోదాలో.

"నా ఉద్యోగం," అంది.

స్విట్జర్లాండ్ నుంచి వచ్చిందట. ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది. వారానికి నాలుగు రోజులు గంట దూరంలో ఉన్న కొండ మీద పిల్లలకు స్కీయింగ్ నేర్పుతుంది, మిగతా మూడు రోజులు తన సాధన తను చేసుకుంటుంది. మా ఆయన క్రెడిట్ స్కోరు అడిగాడు. ఆమె ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. నలుగురు మనుషులు మంచుకొండ మీంచి ఒకరినొకరు తరుముకుంటూ కిందికి దూకుతున్నారు. అందులో, కోటు మీద పందెం నంబరున్న ఆకుపచ్చ బనీను వేసుకున్నది తనట. మా ఆయన వీడియో రెండుసార్లు చూసి, క్రెడిట్ స్కోరు సంగతి మరిచిపోయి, "ఇన్సూరెన్స్ ఉందా?" అన్నాడు.

ఆ ఇంట్లో ఇంకెవరుండేవాళ్ళో చెప్పాలి. మా అత్తయ్య ఆరేళ్ళుగా మాతోనే ఉంటున్నారు. మేమిద్దరం ఎన్నడూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకోవాలన్నా ముందు మాట్లాడుకోవాలి కదా. "తిన్నావా?" "తిన్నానండీ, మీరు తిన్నారా?" "ఆఁ, తిన్నా." ఈ మూడు ముక్కలతోనే ఆరేళ్ళు నెట్టుకొచ్చాం. మా ఆయన దీన్ని ప్రశాంతత అనుకునేవాడు. నేనేమో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరుల పనిలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. దానికి జీతం ఇస్తారు గానీ, ఇవ్వకపోయినా అదే చేస్తూ ఉండేదాన్నేమో.

కొత్తమ్మాయి వచ్చిన మర్నాడు అత్తయ్య నన్ను పిలిచి కూర్చోబెట్టారు. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా ప్రశ్నలు మొదలుపెట్టారు. నేను మధ్యవర్తిని.

"ఆ పిల్ల ఏం పని చేస్తుందట?"

"కొండ మీంచి కిందికి జారుతుందట అత్తయ్యా."

"మరి పైకెట్లా ఎక్కుతుందీ?"

"తీగలకి కుర్చీలు కట్టి ఉంటాయి. కూచోబెట్టి తీసుకెళ్తారు."

"అయితే మంచి ఉద్యోగమే," అన్నారు అత్తయ్య. ఆ తర్వాత ఆమెకు దోసె పెట్టారు.

తను పోటీ చేసే స్కీ క్రాస్ పందెం అంటే ఏమిటో ఆ అమ్మాయి భోజనాల బల్ల మీద నాలుగు స్పూన్లతో చూపించింది. నలుగురు ఒకేసారి బయల్దేరతారు. ముందున్న గేటు తలుపు ధడేలున పడిపోతుంది, అంతే, దూకడమే. దారి పొడవునా గుట్టలు, గెంతులు, గోడల్లాంటి మలుపులు. ముందొచ్చిన ఇద్దరు తర్వాతి పందేనికి వెళ్తారు, వెనకొచ్చిన ఇద్దరు బనీను విప్పి ఇంటికి వెళ్తారు. ఒకరికొకరు తగలొచ్చు, కానీ కావాలని తోస్తే తప్పు. "కావాలని తోసినట్టు కనబడితే తప్పు," అని తర్వాత సరిచేసుకుంది.

అత్తయ్య స్పూన్లను కాసేపు పరీక్షగా చూశారు. "నలుగురు తోడికోడళ్ళు ఒకే వంటింట్లో," అన్నారు.

నేను అనువదించాను. ఆ అమ్మాయి నీళ్ళు తాగుతూ పొలమారి దగ్గింది. తన కోచ్‌లు ఇన్నేళ్ళుగా చెప్పలేనిది ఈవిడ ఒక్క మాటలో తేల్చేసిందట. ఆ రోజు నుంచి తనూ ఆవిడను అత్తయ్యా అనే పిలిచేది, నేను ఎలా పిలుస్తానో అలాగే. అత్తయ్యకు అదేమీ వింతగా అనిపించలేదు.

ఆమె కథ మాకు విడతలుగా తెలిసింది. పుట్టింది ఒక కొండలోయలో. వాళ్ళ నాన్న అక్కడ కుర్చీల తీగ నడిపేవాడు, కాబట్టి నడక వచ్చిన కొత్తలోనే స్కీలు కాళ్ళకెక్కాయి. చిన్నప్పటి నుంచి ఒంటరిగా గడియారంతో పోటీపడే పందేల్లో ఉండేది. పదిహేడేళ్ళప్పుడు జట్టులోంచి తీసేశారు. మలుపులు బాగానే తిరుగుతుంది గానీ ఒక్కతే ఉంటే నిద్రపోతున్నట్టు వెళ్తుందని కోచ్ రాశాడట. పక్కన ఎవరైనా ఉంటే మాత్రం ఆమెను పట్టుకోలేరు. అందుకే స్కీ క్రాస్‌కి మారింది. ప్రపంచమంతా తిరిగింది. ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. పెద్ద పోటీలో ఒకే ఒక్కసారి మూడో స్థానం వచ్చింది. ఆ రోజు పొగమంచు పట్టి టీవీలో ఎవరికీ ఏమీ కనబడలేదట.

మిగతా అన్నిసార్లూ ఆమె ఉండేది చిన్న ఫైనల్లో. సెమీస్‌లో ఓడిన నలుగురి కోసం, అయిదు నుంచి ఎనిమిది దాకా ఎవరెక్కడో తేల్చడానికి పెట్టే పందెం అది. ఆమె దాన్ని ఎన్నిసార్లు గెలిచిందంటే, జట్టువాళ్ళు ఆమెను చిన్న ఫైనల్ ఇంటి ఓనరు అనేవాళ్ళు. ఇది విన్నప్పుడు నాకు ఆమె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. మా ఆఫీసులో ఏటా నాకు వచ్చే రేటింగు 'మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్', అంటే ఫరవాలేదు అని. నేనూ అదే వీధిలో ఓనర్ని.

పోయిన వేసవిలో వాళ్ళ దేశపు స్కీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఇన్నేళ్ళ సేవకు ధన్యవాదాలు అని. ఆ ఉత్తరం చదివి, సంచి సర్దుకుని, ఎవరూ తనని ఎరగని చోటికి వచ్చేసింది. అయినా పందేలు మానలేదు. ఇక్కడ జరిగే చిన్న చిన్న పోటీలకు తన ఖర్చుతో తనే వెళ్ళేది.

జట్టులో ఉన్నప్పుడు స్కీలు చూసుకోవడానికి ఒక మనిషి ఉండేవాడట. ఇప్పుడు తనే మా గ్యారేజ్‌లో ఆ పని చేసుకునేది. స్కీని బల్ల మీద వెల్లకిలా పెట్టి, ఇస్త్రీపెట్టెకు మైనపు కడ్డీ ఆనించి చుక్కలుగా కార్చి, అడుగుభాగమంతా ఇస్త్రీ చేసి, చల్లారాక గీకేసి, బ్రష్షుతో రుద్దాలి. వాసనకు అత్తయ్య మెట్లు దిగి వచ్చారు. కాసేపు చూసి, "అంత కష్టపడి రాసింది మళ్ళీ గీకెయ్యడమెందుకటా?" అన్నారు.

"లోపలికి ఇంకినంత చాలు. పైన మిగిలింది మంచుకి అడ్డం పడుతుంది," అంది ఆ అమ్మాయి.

"తలకి నూనె లాగన్నమాట." అత్తయ్య కొంగు దోపి, ఇస్త్రీపెట్టె ఆమె చేతిలోంచి తీసుకున్నారు. "ఇట్లా ఇయ్యి. నలభై ఏళ్ళు గంజి చీరలు ఇస్త్రీ చేశా. పెట్టెని ఒక్కచోట ఆపకూడదని నీకెవరూ చెప్పలేదూ?"

అలా మా అత్తయ్యకు డెబ్బై ఒకటో ఏట అమెరికాలో ఉద్యోగం దొరికింది. వీసా కూడా అడగలేదు. నేను ఊరుకుంటానా? మంచు ఎంత చల్లగా ఉంటే ఏ మైనం వాడాలో, ఇస్త్రీపెట్టె ఎంత వేడి మీద ఉండాలో ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేసి గోడకు అంటించాను. అత్తయ్య దాని వంక ఒక్కసారైనా చూడలేదు. పెట్టె అడుగు నుంచి పొగ లేస్తే వేడెక్కువ, మైనం జారకపోతే తక్కువ, అంతే ఆవిడ లెక్క. స్ప్రెడ్‌షీట్‌తో పోల్చి చూస్తే ఎప్పుడూ సరిగ్గానే ఉండేది, అదే నాకు ఒళ్ళు మండేది.

చేతులు పనిలో ఉంటే నోళ్ళు ఊరుకోవు. అత్తయ్య తన తోడికోడళ్ళ కథలు మొదలుపెట్టారు. పెద్ద తోడికోడలు అత్తగారి ముందు ఎప్పుడూ వంట చేసినట్టే కనబడేదట, గరిటె మాత్రం పట్టేది కాదట. రెండో ఆవిడ బెల్లం ఎక్కడ దాచినా వాసన పట్టేదట. మూడో ఆవిడ కథ వచ్చేసరికి అత్తయ్య ఆపేసేవారు. "దాని సంగతి ఇంకోరోజు," అని. ఆరేళ్ళలో ఒక్కటీ వినని ఆ కథలు, ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సి వచ్చింది కాబట్టి విన్నాను. మధ్యలో నాకే నవ్వు ఆగక అనువాదం నిలిచిపోయేది. "ఏంటి, ఏంటి?" అని ఆ అమ్మాయి బ్రష్షు పట్టుకుని కేకలు పెట్టేది. పైనుంచి మా ఆయన "కింద ఏమైంది?" అని అడిగేవాడు. ఏమీ కాలేదనేవాళ్ళం, ముగ్గురం ఒకేసారి.

జనవరిలో ఆమెకు మెయిల్ వచ్చింది. వాళ్ళ జట్టులో ఒకమ్మాయికి కాలు విరిగిందట. ఖాళీ అయిన చోటు ఆ నెలాఖరున పక్క రాష్ట్రం ఐడహోలో జరిగే పోటీ చూసి నింపుతారట. ఫైనల్లో మొదటి రెండు స్థానాల్లో వస్తే ఈమెను వెనక్కి పిలుస్తారు. రాకపోతే, ఈ వయసులో, ఆ మోకాలితో, ఇక పిలుపు రాదు. ఆ సంగతి ఆమే చెప్పింది, బల్ల అంచు పట్టుకుని.

"కంగ్రాట్స్!" అని అరిచాను. ఆమెను గట్టిగా కావలించుకున్నాను కూడా. లోపల మాత్రం ఒక నీచమైన గొంతు, "ఓడిపోతే బాగుండు," అంది. దాచడమెందుకు, అది నా గొంతే. ఈ పిల్ల వెళ్ళిపోతే గ్యారేజ్ మూతపడుతుంది. కథలు ఆగిపోతాయి. మళ్ళీ నేనూ అత్తయ్యా "తిన్నావా, తిన్నాను" దగ్గరికి వస్తాం. ఆ గ్యారేజ్ తలుపు మూసుకున్న చప్పుడు నాకు అప్పుడే వినబడింది. రెండు వారాలు ఆమెకు బాదం పాలు కాచి ఇస్తూ, ఆమె ఓటమి కోరుకున్నాను.

ఐడహోకి నా వ్యాన్‌లో ముగ్గురం బయల్దేరాం. ఆ వ్యాన్ కొన్నప్పుడు అత్తయ్య నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అప్పుడు నేను ఆవిడకు మూఢనమ్మకాల మీద పది నిమిషాలు క్లాసు పీకాను. ఆరేళ్ళలో మేము మాట్లాడుకున్న అతి పొడవైన సంభాషణ అదే, అందులో ఆవిడ మాట ఒక్కటీ లేదు. ఇప్పుడు స్కీల సంచి ఎక్కిస్తుంటే అత్తయ్య చిన్న పసుపు డబ్బా, కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని వచ్చారు.

"ఒక్క బొట్టు పెడతా అమ్మాయ్, పైపైనే."

"వద్దత్తయ్యా. అది రేసింగ్ పరికరం. ఎవరూ చెయ్యి వేయకూడదు," అన్నాను.

ఆవిడ రెండూ చేతిసంచిలో వేసుకున్నారు. దారి పొడవునా పులిహోర తిన్నాం.

శనివారం అర్హత పందెం. ఒక్కొక్కరే జారాలి, గడియారంతో. కోచ్ రాసింది నిజమే, ఒక్కతే ఉంటే ఈమె నిద్రపోతుంది. పదహారు మందికి చోటుంటే పద్నాలుగోదిగా వచ్చింది. ముందొచ్చినవాళ్ళు బయల్దేరే చోటు ముందు ఎంచుకుంటారు కాబట్టి, ఈమెకు మిగిలేది ఎవరికీ అక్కర్లేని ఆ చివరి గేటు. సాయంత్రం మోటెల్ గదిలో అత్తయ్య స్కీలకు మైనం పట్టిస్తుంటే, ఆ అమ్మాయి మంచం అంచున కూర్చుని మోకాలు నొక్కుకుంటోంది. "రేపు ఓడిపోతే ఏం చేస్తానో నాకు తెలీదు. నాకు వేరే పని రాదు," అంది. ఏడవలేదు. ఏదో దుకాణం టైమింగ్స్ చెప్పినట్టు చెప్పింది. ఆ మాట నేను అనువదించలేదు. అత్తయ్య కూడా అడగలేదు.

ఆదివారం పొద్దున ఆ అమ్మాయి కింద టిఫిన్ తింటోంది, అత్తయ్య స్నానానికి వెళ్ళారు. గదిలో నేనూ స్కీలూ ఉన్నాం. రెండు వారాలుగా ఆమె ఓడాలని కోరుకున్న మనిషికి ఒక్కసారిగా చెమటలు పట్టాయి. నా కోరిక నిజంగా తగులుతుందేమో, నా దిష్టే తగిలిందేమో అనిపించింది. మూఢనమ్మకాల మీద పది నిమిషాల క్లాసు పీకిన నేను, అత్తయ్య చేతిసంచి తెరిచి, పసుపు డబ్బా తీశాను.

ముందు స్కీల పైభాగాన బొట్లు పెట్టబోయాను. తర్వాత తెలివి పనిచేసింది. నిమ్మకాయలు కారు పైన పెట్టరు కదా, నేలకు తగిలే చోట పెడతారు. పనిచేసేది అడుగుభాగం. కుళాయి కింద వేళ్ళు తడిపి, పసుపులో ముంచి, రెండు స్కీల అడుగునా ముందు కొనల దగ్గర బొటనవేలితో పూశాను. చేయి వణికి పక్కలకు పాకింది. ఆరేలోగా తలుపు చప్పుడైతే, గబగబా స్కీలు రెండూ కలిపి పట్టీ బిగించి, సంచిలో పెట్టేశాను. నేను ఉద్యోగంలో చేసేదేమిటంటే, సాఫ్ట్‌వేర్ విడుదల రోజున ఎవరైనా పరీక్షించకుండా ఒక చిన్న మార్పు చేస్తే వాళ్ళ మేనేజరుకు మెయిల్ పెట్టడం.

కొండ కింద, కుర్చీల తీగ ఎక్కే చోట, ఆ అమ్మాయి పట్టీ విప్పింది. స్కీలు విడిపోయాయి. నల్లటి అడుగుభాగాల మీద, కొన నుంచి రెండు జానల మేర, పచ్చగా.

ఆమె వేలితో గీరి చూసింది. చలికి గడ్డకట్టిన పసుపు పెళ్ళలుగా లేచింది, దానితోపాటు మైనమూ లేచింది. కింద మరక అలాగే ఉంది. పసుపు మరక ఎంత మొండిదో మన వంటింటి ప్లాస్టిక్ డబ్బాలకు తెలుసు. ఆమె తలెత్తి మా ఇద్దరి వంకా చూసింది.

నేను అత్తయ్య వంక చూశాను. కావాలని చూడలేదు. తప్పు జరిగితే కళ్ళు అలవాటుగా అటే వెళ్ళాయి. అత్తయ్య మంకీ క్యాప్‌లోంచి నా ముఖం చూశారు. తర్వాత నా కుడిచేతి బొటనవేలు చూశారు. అది గోరు దాకా పచ్చగా ఉంది.

"నేనే తల్లీ," అన్నారు అత్తయ్య, ఆ అమ్మాయి వైపు తిరిగి. "ముసల్దాన్ని, తెలీక పూశా. ఏమనుకోకు." నాతో, "చెప్పు," అన్నారు.

నేను చెప్పాను. చేయి జేబులో పెట్టుకుని, అత్తయ్యే పూశారట, తెలియక చేశారట, క్షమించమంటున్నారు అని మంచి ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా అనువదించాను. జీవితంలో నేను చేసిన అన్ని పనుల్లోకి అది చవకబారు పని. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, ఆ చలిలో.

ఆ అమ్మాయి తన భాషలో ఒక చిన్న మాట అంది. అది మంచి మాట కాదని ముగ్గురికీ అర్థమైంది. ఇస్త్రీపెట్టె మోటెల్‌లో ఉండిపోయింది, పక్క జట్టువాళ్ళ పెట్టె దగ్గర వాళ్ళ స్కీలే వరుసలో ఉన్నాయి. ఆమె బ్రష్షు అడిగి తెచ్చుకుని రుద్దింది, జేబులోని మైనం ముక్కతో పైపైన పూసింది. తర్వాత అత్తయ్య దగ్గరికి వచ్చి, వంగి, ఆవిడ నుదుటికి తన నుదురు ఆనించి, పైకి వెళ్ళిపోయింది.

మొదటి పందెంలో గేటు పడగానే ఈమె నాలుగోది. కొన దగ్గర మైనం లేదు కదా, మంచు పట్టేస్తోంది. "పోయింది," అనుకున్నాను. ఆ క్షణంలో నాలోని నీచమైన గొంతు కోసం వెతికాను, అది ఎక్కడా లేదు. "తల్లీ, పద, పద!" అని అరుస్తున్నది కూడా నేనేనని తర్వాత తెలిసింది. రెండో గెంతు దగ్గర ముందున్న ఇద్దరు ఒకరి కాళ్ళలో ఒకరు చిక్కుకుని గోడెక్కారు. వెనకబడి ఉన్నందుకు ఈమె వాళ్ళ మధ్య పడకుండా పక్కనుంచి వచ్చేసింది. రెండోది.

సెమీస్‌లో అత్తయ్య కళ్ళు మూసుకున్నారు. నేను పక్కన నిలబడి క్రికెట్ కామెంటరీలా చెప్పాను. మళ్ళీ ఆఖరున బయల్దేరి, చివరి మలుపులో ఒకమ్మాయి మోచేతి కిందుగా లోపలికి దూరింది. రెండోది. "తగిలిందా?" అన్నారు అత్తయ్య కళ్ళు తెరవకుండా.

"తగిలినట్టు కనబడలేదు."

"మరింకేం."

ఇన్నేళ్ళకు ఆమె మళ్ళీ పెద్ద ఫైనల్లో ఉంది. గేటు పడింది. ఎర్ర బనీను ముందు దూసుకుపోయి అందరికీ దూరమైంది. మిగిలింది రెండో స్థానం. దానికోసం నీలం బనీనూ మా ఆకుపచ్చా పక్కపక్కనే వస్తున్నారు, నాలుగో అమ్మాయి చాలా వెనక. చివరి గెంతు ఇద్దరూ కలిసే దూకారు, కలిసే దిగారు, కలిసే పడ్డారు. వెల్లకిలా, కాళ్ళు ముందుకు పెట్టి, మంచు దుమ్ము లేపుకుంటూ, ఒకే ముద్దగా గీత దాటారు.

ఎవరు ముందో ఎవరికీ తెలీదు. శరీరంలో గానీ కాలికున్న స్కీలో గానీ ఏ భాగం ముందు గీత దాటితే అదే లెక్క. పోటీ నడిపే పెద్దలు గీత దగ్గర తీసిన ఫోటో ముందు చేరారు. ఆ మంచు దుమ్ములో బనీన్ల రంగు కనబడడం లేదట. ముందు దాటింది ఒక స్కీ కొన, అదీ అడుగుభాగం కెమెరా వైపు తిరిగి ఉంది. ఇద్దరివీ ఒకే కంపెనీ స్కీలు, ఒకే నలుపు. కాసేపటికి జాకెట్ మీద బిళ్ళలు తగిలించుకున్న ఒక పెద్దాయన బయటికి వచ్చి, తల గోక్కుని, "మీ ఇద్దరిలో ఎవరి స్కీ కింద పసుపుపచ్చగా ఉంటుంది?" అని అడిగాడు.

ఆ అమ్మాయి మంచులో కూర్చున్నదల్లా కాలు పైకెత్తి చూపించింది.

ఆ తర్వాత ఆమె పరుగెత్తుకొచ్చి అత్తయ్యను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. "దింపమను అమ్మాయ్, నడుం!" అని అత్తయ్య కేకలు. నేను అనువదించలేదు. ఏడుస్తున్నాను.

తిరుగు దారిలో ఆ అమ్మాయి వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయింది. అత్తయ్య నా పక్కన కూర్చుని రెండు రాష్ట్రాల మంచు చూస్తూ ఉన్నారు. క్షమించమని అడుగుదామనుకున్న ప్రతిసారీ నేను వైపర్లు వేసి ఆపేశాను. ఇల్లు అరగంట దూరం ఉందనగా ఆవిడే అన్నారు.

"ఈసారి పసుపు కావాల్సొస్తే నన్నడుగు అమ్మాయ్. డబ్బాలో తడి చెయ్యి పెట్టకు. మొత్తం ఉండలు కట్టింది."

వారంలో ఆమె ప్రయాణం. పాత స్కీలు, ఇస్త్రీపెట్టె, మైనాలు మా దగ్గరే వదిలేస్తానంది. అక్కడ అన్నీ కొత్తవి ఇస్తారట, చూసుకోవడానికి మనిషిని కూడా. ట్యాక్సీ వచ్చింది. సంచి ఎక్కించాక, వాకిట్లో నేను ఇంక ఆగలేకపోయాను.

"నీకొకటి చెప్పాలి. ఆ పసుపు పూసింది అత్తయ్య కాదు."

"తెలుసు," అంది.

"ఎలా?"

"ఆమె ఇస్త్రీ చూశాను కదా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒక్క చుక్క పక్కకి పోదు. అది..." అని బొటనవేలు గాల్లో వణికించి చూపించింది. "అది భయపడినవాళ్ళ పని." తర్వాత నన్ను తిన్నగా చూసింది. "గెలవాలని పూశావా, ఓడాలనా?"

"పూసేటప్పుడు గెలవాలనే. అంతకుముందు రెండు వారాలు మాత్రం ఓడాలని కోరుకున్నా. నువ్వెళ్ళిపోతే ఇల్లు మళ్ళీ మూగబోతుందని."

ఆమె నవ్వింది. "గేట్‌లో నాకూ అంతే. పక్కనున్న ముగ్గురిలో ఇద్దరు నా స్నేహితులే అయ్యుంటారు. తలుపు పడేదాకా వాళ్ళు ఓడాలని కోరుకుంటా. పడ్డాక కోరుకునేంత తీరిక ఉండదు." నన్ను కావలించుకుంది, అత్తయ్య కాళ్ళకు దణ్ణం పెట్టింది, అదెప్పుడు నేర్పారో నాకు తెలీదు. ట్యాక్సీ మలుపు తిరిగింది.

వాకిట్లో మేమిద్దరం మిగిలాం.

"ఏమంటోందా పిల్ల?" అన్నారు అత్తయ్య.

ఈసారి ఉన్నదున్నట్టు అనువదించాను. పసుపు గురించి, వణికిన బొటనవేలి గురించి, ఓడాలని కోరుకున్న రెండు వారాల గురించి, ఎందుకు కోరుకున్నానో దాని గురించి కూడా. చెబుతున్నంతసేపూ నా చెప్పుల వంకే చూశాను.

"నేనూ అదే కోరుకున్నానే," అన్నారు అత్తయ్య. "కాకపోతే నేను దేవుడితో చెప్పుకున్నా, నువ్వు స్కీకి పూశావ్. ఆయన నా మాట విన్లేదు, నీ పసుపే పనిచేసింది. పద, ఆ ఇస్త్రీపెట్టె లోపల పెట్టు, తుప్పు పడుతుంది."

నేను గ్యారేజ్‌లోకి వెళ్ళి ఇస్త్రీపెట్టె తెచ్చాను. వంటింట్లోకి నడుస్తూ అత్తయ్య మూడో తోడికోడలి కథ మొదలుపెట్టారు. ఈసారి ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సిన పనిలేదు.